రెక్కలు విప్పి బెదిరించే గొల్లభామను ఫొటో తీయడం ఎలా?

పెంపుడు గొల్లభామ (ప్రేయింగ్ మాంటిస్) బెదిరినప్పుడు రెక్కలను నిటారుగా ఎత్తి, ముందుకాళ్లను పక్కలకు తెరిచి, పొట్టను పైకి వంచి, ఉన్నదానికంటే ఎంతో పెద్దదిగా కనిపించడానికి ప్రయత్నిస్తుంది. కీటకాల ఫొటోలు తీసేవారు ఎక్కువగా కోరుకునే దృశ్యం ఇదే. అయితే మీరు కోరినప్పుడల్లా ఆ పురుగు ఈ భంగిమలో నిలబడదు. నిలబడిన రోజున కూడా అది కొన్ని క్షణాల నుంచి కొన్ని నిమిషాల వరకే ఉంటుంది. అందువల్ల పనిలో చాలా భాగం పురుగును పెట్టెలోంచి బయటికి తీయకముందే పూర్తి కావాలి. ఈ వ్యాసంలో ఆ సన్నాహం గురించే ఎక్కువగా చెబుతాను. షటర్ నొక్కే భాగం చివర చిన్నదిగా వస్తుంది.

ఉదాహరణకు హైరోడూలా ప్రజాతికి చెందిన పెద్ద ఆకుపచ్చ గొల్లభామను తీసుకుంటున్నాను. మన పొలం గట్ల మీద, పెరటి చెట్ల మీద కనిపించే పెద్ద గొల్లభామల్లో ఈ ప్రజాతివి ఉన్నాయి. విదేశాల్లో కీటకాలను పెంచేవారు జెయింట్ ఏషియన్ మాంటిస్ పేరుతో ఇష్టంగా పెంచేదీ ఈ ప్రజాతిలోనిదే. కనుక మీరు గుంటూరులో ఉన్నా, డల్లాస్‌లో ఉన్నా ఈ సూచనలు ఒకే విధంగా పనికివస్తాయి.

ముందుగా పురుగును తెలుసుకోండి

ఈ భంగిమ కోపానికి గుర్తు కాదు, భయానికి గుర్తు. పక్షి, బల్లి, తొండ వంటి శత్రువు ఎదురైనప్పుడు గొల్లభామకు ఉన్న మార్గాలు కొన్నే: కదలకుండా ఆకుల్లో కలిసిపోవడం, పరుగెత్తడం లేదా ఎగిరిపోవడం, కిందికి పడిపోవడం, ఇవేవీ కుదరనప్పుడు ఒక్కసారిగా రంగులు చూపి శత్రువును ఉలిక్కిపడేలా చేయడం. రక్షణ భంగిమ ఈ చివరి ఎత్తుగడ. దక్షిణ అమెరికాకు చెందిన స్టాగ్మాటాప్టెరా బయోసెల్లాటా అనే జాతిపై ఎక్టర్ మాల్డొనాడో అనే శాస్త్రవేత్త 1970లో ప్రచురించిన అధ్యయనం ఈ ప్రవర్తనను వివరంగా పరిశీలించింది. ఆ తరువాత అదే జాతిపై జరిగిన ప్రయోగాల్లో, ఒకే బెదిరింపును పదే పదే చూపితే పురుగు దానికి అలవాటుపడి స్పందించడం తగ్గిస్తుందని తేలింది. ఫొటోలు తీసేవారికి ఈ రెండో విషయం చాలా ముఖ్యమైనది. మొదటి స్పందనే సాధారణంగా అన్నిటికంటే నిండుగా ఉంటుంది. ఐదోసారికి రెక్కలు సగమే లేస్తాయి, పదోసారికి పురుగు మిమ్మల్ని పట్టించుకోదు, లేదా విసిగి పారిపోతుంది.

అన్ని జాతులూ ఈ పని ఒకే విధంగా చేయవు. మలేషియా, ఇండోనేషియాలకు చెందిన ఎండుటాకు గొల్లభామ డెరోప్లాటిస్ పైకి పూర్తిగా ఎండుటాకులా కనిపించినా, రెక్కలు ఎత్తినప్పుడు లోపలి ముదురు రంగులు బయటపడతాయి. తూర్పు ఆఫ్రికాకు చెందిన ఐడోలోమాంటిస్ డయబోలికా తెలుపు, ఎరుపు, నీలం, నలుపు రంగుల ప్రదర్శనకు పేరుపొందింది. క్రియోబ్రోటర్ అనే చిన్న పూల గొల్లభామలు భారతదేశంలోనూ ఉన్నాయి. వాటి పైరెక్కల మీద కంటిని పోలిన మచ్చ ఉంటుంది. యూరప్‌లో సాధారణంగా కనిపించే మాంటిస్ రెలిజియోసా ముందుకాళ్ల మొదలులో నల్లని మచ్చను చూపుతుంది, పొట్టను వెనుక రెక్కలకు రాస్తూ బుస కొట్టినట్టు శబ్దం కూడా చేస్తుంది. దీనికి భిన్నంగా ఘోస్ట్ మాంటిస్ అనే ఆఫ్రికా జాతి బెదిరితే ఎక్కువగా చచ్చినట్టు పడి ఉంటుంది. దక్షిణ భారతంలోనూ శ్రీలంకలోనూ కనిపించే వయొలిన్ గొల్లభామ కూడా నెమ్మదైనది. దాని ఆకారమే చూడముచ్చటగా ఉంటుంది కాబట్టి దాన్ని బెదిరించి ఫొటో తీయాలన్న ఆలోచనే నా దృష్టిలో అనవసరం.

హైరోడూలాలో ఆడ పురుగును ఎంచుకోండి. పొట్ట అడుగుభాగాన్ని చూస్తే ఆడదానికి 6 ఖండాలు, మగదానికి 8 ఖండాలు లెక్కకు వస్తాయి. మగ పురుగు సన్నగా, తేలికగా ఉంటుంది కనుక బెదిరితే నిలబడి ఎదుర్కోవడం కంటే ఎగిరిపోవడానికే ఎక్కువగా మొగ్గుచూపుతుంది. రెక్కలు ఉండేది చివరిసారి కుబుసం విడిచిన పెద్ద పురుగులకు మాత్రమే. పిల్ల పురుగులు ముందుకాళ్లను తెరిచి, పొట్టను వంచి బెదిరించగలవు గాని మీరు ఊహించుకున్న రెక్కల దృశ్యం వాటి దగ్గర దొరకదు. ఒకే గుడ్ల గూడు నుంచి వచ్చిన అక్కచెల్లెళ్లలో కూడా ఒకటి చిన్న కదలికకే రెక్కలు విప్పుతుంది, మరొకటి జీవితాంతం విప్పదు. విప్పని దానిని అలాగే వదిలేయండి.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. పైన చెప్పిన విదేశీ జాతుల ఫొటోలు చూసి వాటిని తెప్పించుకోవాలని భారతదేశంలోని పాఠకులు అనుకోవచ్చు. బతికున్న కీటకాలను మన దేశంలోకి దిగుమతి చేసుకోవడానికి 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు కింద ముందస్తు అనుమతి కావాలి. అది లేకుండా పార్సిల్‌లో తెప్పించుకోవద్దు. మన పెరటి గొల్లభామ వాటికి ఏమాత్రం తీసిపోదు.

ఏ రోజుల్లో తీయకూడదు

కుబుసం విడవబోయే పురుగును ఎట్టి పరిస్థితుల్లోనూ కదిలించకండి. మేత మానేయడం, తలకిందులుగా వేలాడుతూ కదలకుండా ఉండడం, ఆఖరి దశ పిల్ల పురుగులోనైతే భుజాల వెనుక రెక్కల మొగ్గలు ఉబ్బడం దీనికి గుర్తులు. ఆ సమయంలో కింద పడితే అవయవాలు వంకరపోతాయి, ఒక్కోసారి పురుగు చనిపోతుంది. చివరి కుబుసం తరువాత కూడా రెక్కలు గట్టిపడి, ఒంటి రంగు కుదురుకుని, పురుగు మళ్లీ బాగా మేత తినడం మొదలుపెట్టేవరకు ఆగాలి. రెండు వారాలు ఆగితే నిశ్చింతగా ఉండవచ్చు.

కడుపు నిండా తిన్న వెంటనే తీయకండి, ఎందుకంటే ఉబ్బిన పొట్టతో కింద పడితే అది చిట్లే ప్రమాదం ఉంది. ఆకలితో ఉన్నప్పుడూ తీయకండి. అప్పుడు అది మీ వేలిని శత్రువుగా కాక ఆహారంగా చూస్తుంది, రెక్కలు విప్పడానికి బదులు ముందుకాళ్లు ముడుచుకుని దెబ్బకు సిద్ధమవుతుంది. మేత వేసిన మరుసటి రోజు అనుకూలమైనది. గుడ్లు పెట్టబోయే బరువైన ఆడ పురుగును కూడా వదిలేయండి.

గది, కర్ర, వెనుక తెర

గదిలో మొదట చేయవలసిన పని సీలింగ్ ఫ్యాన్ ఆపడం. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గాని, ఎగిరిన గొల్లభామకు తిరిగే ఫ్యాన్ రెక్క కంటే పెద్ద ముప్పు ఇంట్లో లేదు. తలుపులు, కిటికీలు మూయండి. గోడ మీద బల్లి ఉంటే తరిమేయండి, బల్ల మీద చీమలు లేకుండా తుడవండి, పిల్లి ఉంటే పక్క గదిలో ఉంచండి. బల్ల మీద మందపాటి తువ్వాలు లేదా దుప్పటి పరిస్తే పురుగు పడినా దెబ్బ తగలదు.

గొల్లభామకు ఎప్పుడూ పైకి ఎక్కే అలవాటు ఉంది. ఈ అలవాటును మీకు అనుకూలంగా వాడుకోవచ్చు. బెరడు గరుకుగా ఉన్న కర్రను, వేలి మందం గలదాన్ని, 20 సెంటీమీటర్ల పొడవున కోసి, బంకమట్టి ముద్దలోనో చిన్న క్లాంపులోనో కొంచెం వాలుగా నిలబెట్టండి. పురుగును కర్ర మొదట్లో వదిలితే అది కొస వరకు ఎక్కి అక్కడ ఆగుతుంది. మీ కెమెరా ముందే ఆ కొసకు గురిపెట్టి ఉంటుంది. కర్ర పొడవుగా ఉంటే అది ఎక్కడ ఆగుతుందో మీరు వెతుక్కోవాలి. అడ్డంగా కడితే కిందివైపు వేలాడుతుంది, అప్పుడు భంగిమ తలకిందులుగా వస్తుంది. నునుపైన ప్లాస్టిక్ గొట్టాలు, లోహపు కడ్డీలు వద్దు. కాళ్లకు పట్టు దొరకని పురుగు తన నిలకడ గురించే ఆందోళన పడుతుంది గాని రెక్కలు ఎత్తదు.

వెనుక తెర రంగును రెక్కలను బట్టి ఎంచుకోండి. హైరోడూలా వెనుక రెక్కలు పలుచగా, వెలుగు ప్రసరించేలా ఉంటాయి. ముదురు బూడిద రంగు చార్టు లేదా మెరుపు లేని నల్లగుడ్డ ముందు వాటి ఈనెలు స్పష్టంగా కనిపిస్తాయి. ఆకుపచ్చ తెర సహజంగా ఉంటుందని అనిపిస్తుంది గాని, ఆకుపచ్చ పురుగు అందులో కలిసిపోతుంది. తెరను కర్రకు అర మీటరుకు పైగా వెనక్కి జరపండి. ఫ్లాష్ పురుగుకు 20 సెంటీమీటర్ల దూరంలోనూ, తెర ఆ ఫ్లాష్‌కు 80 సెంటీమీటర్ల దూరంలోనూ ఉంటే తెర మీద పడే వెలుగు పురుగు మీద పడేదానిలో 16వ వంతే అవుతుంది. దూరం నాలుగింతలైతే వెలుగు పదహారింతలు తగ్గుతుంది కాబట్టి, బూడిద చార్టు కూడా దాదాపు నల్లగానే వస్తుంది. గుడ్డ మీది మడతలు, మరకలు కనిపించవు.

కెమెరా, వెలుగు

కొత్తగా మ్యాక్రో లెన్స్ కొన్నవారు వెంటనే 1:1 పరిమాణానికి, అంటే కెమెరా సెన్సారు మీద పురుగు దాని అసలు కొలతలోనే పడేంత దగ్గరికి, వెళ్లాలనుకుంటారు. ఇక్కడ ఆ అవసరం లేదు, పైగా అది నష్టమే. రెక్కలు విప్పిన ఆడ హైరోడూలా చట్రంలో పూర్తిగా పట్టాలంటే ఫుల్ ఫ్రేమ్ కెమెరాను (36×24 మిల్లీమీటర్ల సెన్సారు గలదాన్ని) నిలువుగా తిప్పి దాదాపు 1:4 పరిమాణంలో తీయాలి. అప్పుడు 14 సెంటీమీటర్ల ఎత్తు, 9 సెంటీమీటర్లకు పైగా వెడల్పు గల స్థలం చట్రంలోకి వస్తుంది. ఆ పరిమాణంలో అపెర్చర్ (లెన్స్ రంధ్రం) ఎఫ్/11 వద్ద స్పష్టంగా వచ్చే లోతు సుమారు 13 మిల్లీమీటర్లు. అదే 1:1 వద్ద ఒకటిన్నర మిల్లీమీటరు కూడా ఉండదు. 100 మిల్లీమీటర్ల లెన్స్‌తో మీరు పురుగుకు దాదాపు అర మీటరు దూరంలో ఉంటారు. ఈ దూరం వల్ల లెన్స్ దాన్ని అనుకోకుండా బెదిరించదు, ఫ్లాష్ అమర్చుకోవడానికి చోటు కూడా మిగులుతుంది.

ఫ్రేమింగ్‌లో అందరూ చేసే పొరపాటు ఒకటుంది. కూర్చుని ఉన్న పురుగును చూసి చట్రం సరిచేసుకుంటారు. అది రెక్కలు ఎత్తగానే కొసలు తెగిపోతాయి. దీనికి సులువైన ఉపాయం అట్టముక్క. పురుగు రెక్కలు విప్పితే ఎంత ఉంటుందో అంత కొలతకు అట్టను కత్తిరించి, కర్ర కొస దగ్గర నిలబెట్టి, చుట్టూ కాస్త ఖాళీ వచ్చేలా చట్రాన్ని, ఫోకస్‌ను, వెలుగును అన్నిటినీ దాని మీదే సరిచేయండి. గంట పట్టినా ఫరవాలేదు, అట్టకు భయం ఉండదు కదా. తరువాత ఫోకస్‌ను మాన్యువల్‌కు మార్చి వదిలేయండి.

సెట్టింగులు ఇలా మొదలుపెట్టవచ్చు: మాన్యువల్ మోడ్, షటర్ వేగం సెకనులో 200వ వంతు, అపెర్చర్ ఎఫ్/11, ఐఎస్ఓ 200, రా ఫైలు, వైట్ బ్యాలెన్స్ 5500 కెల్విన్ దగ్గర స్థిరంగా. ఈ సెట్టింగులతో ఫ్లాష్ వెలిగించకుండా ఒక ఫొటో తీసి చూడండి. అది దాదాపు నల్లగా రావాలి. అలా వచ్చిందంటే గదిలోని దీపాల ప్రభావం లేనట్టే, కదలికను ఆపే పనంతా ఫ్లాష్ మెరుపుదే. ఫ్లాష్‌ను పూర్తి శక్తితో కాక 8వ వంతుతో వాడితే మెరుపు నిడివి చాలా తక్కువగా ఉండి, వణుకుతున్న రెక్కల అంచులు కూడా పదునుగా వస్తాయి; ఫ్లాష్ త్వరగా తిరిగి సిద్ధమై వరుసగా కొన్ని ఫొటోలు తీయడానికి వీలవుతుంది.

ఫ్లాష్ వెలుగును నేరుగా పడనివ్వకండి. ట్రేసింగ్ పేపరును రెండు పొరలుగా ఒక చిన్న చట్రానికి అతికించి పురుగుకు పైన, కొంచెం ముందుగా పట్టుకుంటే చాలు. కింది నుంచి తెల్లని థర్మోకోల్ ముక్కను పెడితే పొట్ట అడుగున పడే నీడ తేలికవుతుంది. రెండో ఫ్లాష్ ఉంటే దాన్ని వెనుక ఒక పక్క నుంచి తక్కువ శక్తితో వెలిగించండి. ఆ వెలుగు రెక్కల గుండా వచ్చినప్పుడు ఈనెలన్నీ విడివిడిగా కనిపిస్తాయి. ఒక్క ఫ్లాష్ మాత్రమే ఉన్నవారు ఎండ పక్కనుంచి పడే కిటికీ దగ్గర ప్రయత్నించవచ్చు, అయితే అప్పుడు షటర్ లెక్కలన్నీ మారుతాయి.

కళ్ల గురించి కొంచెం. చీకటిలో ఉన్న గొల్లభామ కళ్లు నల్లబడతాయి, వెలుగులోకి వచ్చాక మెల్లగా మళ్లీ పచ్చగా మారతాయి; కంటి లోపలి వర్ణకం కదలడమే దీనికి కారణం. రాత్రి పెట్టెలోంచి తీసిన వెంటనే ఫొటో తీస్తే రెండు నల్లని గుండ్లే కనిపిస్తాయి. పగటిపూట తీయండి, లేదా గంట ముందే గదిలో దీపం వేసి ఉంచండి. ఇక ఎటునుంచి చూసినా మీవైపే చూస్తున్నట్టుండే ఆ నల్లని చుక్క నిజమైన కనుపాప కాదు. గొల్లభామ కన్ను చాలా చిన్న గూళ్లతో ఏర్పడింది; మీకు ఎదురుగా ఉన్న గూళ్లు వెలుగును వెనక్కి పంపకపోవడం వల్ల అలా కనిపిస్తుంది. రెండు కళ్లలోనూ ఆ చుక్క మధ్యలో ఉంటే పురుగు తల సరిగ్గా మీవైపు తిరిగినట్టు లెక్క.

ఫోన్‌తో తీసేవారు దగ్గరికి వెళ్లగానే అల్ట్రా వైడ్ లెన్స్‌కు మారే ఆటో మ్యాక్రోను ఆపేయాలి. లేకపోతే ఫోన్ పురుగు మూతి దగ్గరికి పోవలసి వస్తుంది, రెక్కలు వంకరగా సాగినట్టు కనిపిస్తాయి. రెండింతలు లేదా మూడింతల జూమ్ లెన్స్ వాడి, వేడి ఇవ్వని ఎల్ఈడీ దీపాన్ని ట్రేసింగ్ పేపరు వెనుక దగ్గరగా పెట్టండి.

భంగిమ కోసం

ఇప్పుడు పురుగును తీసుకురండి. చేత్తో పట్టుకోవద్దు, పెట్టెలోని పుల్లను దానితో పాటే తెచ్చి కర్ర మొదట్లో ఆనించి, అది తనంతట తాను ఎక్కేవరకు ఆగండి. అది ఎక్కుతుండగానే, లేదా కొసకు చేరగానే, ఎవరూ ఏమీ చేయకుండానే రెక్కలు విప్పిన సందర్భాలు తక్కువేమీ కావు. చోటు మారడమే దానికి తగినంత బెదురు. కాబట్టి మీరు కెమెరా దగ్గర ముందే సిద్ధంగా ఉండాలి, పురుగును తెచ్చే పని ఇంట్లో మరొకరికి అప్పగించాలి.

విప్పకపోతే రెండు నిమిషాలు ఆగి సహాయకుడిని చేయి చూపమనండి. గొల్లభామ తనను బెదిరించినదాని వైపు తిరిగి భంగిమ చూపుతుంది గనుక ఆ చేయి లెన్స్ పక్కనే, కొంచెం పైగా ఉండాలి. పక్కనుంచి చూపితే పురుగు అటే తిరుగుతుంది, మీకు వీపు మిగులుతుంది. వేళ్లు చాపిన అరచేతిని లెన్స్ దగ్గర నుంచి ముందుకు వేగంగా ఒక జానెడు జరిపి ఆపేయాలి. మెల్లగా ఊపుతూ ఉంటే లాభం లేదు, హఠాత్తుగా దగ్గరకు రావడమే దానికి ప్రమాద సంకేతం. మీద గాలి ఊదకండి. ఊదితే చాలా పురుగులు గాలికి కదిలే ఆకులా ఊగుతాయి, మీకు కావలసింది అది కాదు. తాకవలసిన అవసరం రానివ్వకండి. బల్లినో, పిల్లినో, పక్షినో ఎదురుగా చూపించి భయపెట్టడం, రెక్కలను వేళ్లతో విప్పడం, దారంతోనో జిగురుతోనో కాళ్లను కట్టడం, కదలకుండా ఉండడానికి ఫ్రిజ్‌లో పెట్టడం, ఇవన్నీ క్రూరత్వం. చలికి బిగుసుకున్న పురుగు నిజానికి రెక్కలు ఎత్తలేదు కూడా.

రెక్కలు లేచిన క్షణంలో సహాయకుడు చేయి వెనక్కి తీసేయాలి. మీరు ఫోకస్ రింగును కదపకుండా కెమెరానే ఒక సెంటీమీటరు ముందుకు, వెనక్కి జరుపుతూ మూడు నాలుగు ఫొటోలు తీయండి. వాటిలో ఒకదానిలో కళ్లు పదునుగా వస్తాయి. పురుగు నేరుగా మీవైపు తిరిగితే తల, ముందుకాళ్లు, రెక్కలు వేర్వేరు లోతుల్లో ఉంటాయి కాబట్టి 13 మిల్లీమీటర్లు సరిపోవు. అప్పుడు కళ్లను ఎంచుకోండి, రెక్కలు కాస్త మసకబారినా కంటికి ఇబ్బందిగా ఉండదు. ఒక పక్కకు తిరిగి నిలబడితే మాత్రం శరీరమంతా దాదాపు ఒకే తలంలోకి వస్తుంది. కెమెరాను ఆ తలానికి సమాంతరంగా సరిచేసుకుంటే కొస నుంచి కొస వరకు స్పష్టత దొరుకుతుంది. కెమెరా ఎప్పుడూ పురుగు కళ్ల ఎత్తులోనే, లేదా వేలెడు కిందనే ఉండాలి. పై నుంచి తీస్తే అంత ఆర్భాటమూ చిన్నబోతుంది.

ఒక విడతలో రెండుసార్లకు మించి బెదిరించకండి, మొత్తం పది నిమిషాలు దాటనివ్వకండి, మళ్లీ ప్రయత్నించడానికి కనీసం వారం ఆగండి. ఎడతెగకుండా పరుగెత్తడం, పదేపదే దూకడం, నోటి నుంచి గోధుమరంగు ద్రవం కారడం కనిపిస్తే ఆ క్షణమే ఆపేయాలి. ఎక్కువగా బెదిరిన గొల్లభామ నడిచే కాలిని వదులుకోవచ్చు కూడా. పెద్ద పురుగు ఇక కుబుసం విడవదు కాబట్టి ఆ కాలు మళ్లీ రాదు.

తరువాత

పురుగును పెట్టెలోకి చేర్చి, గోడల మీద కొద్దిగా నీళ్లు చిలకరించండి. ఆ పూట మేత వేయకపోయినా ఇబ్బంది లేదు, వేస్తే చిన్న ఈగ వంటిది చాలు.

కంప్యూటరులో చేయవలసినది తక్కువే. ఆకుపచ్చ రంగు గాఢతను పెంచాలన్న కోరికను అదుపులో పెట్టుకోండి, పెంచితే వెనుక రెక్కల సున్నితమైన ఛాయలు ముందుగా పోతాయి. తెర మీది దుమ్ము చుక్కలు తుడవవచ్చు. విరిగిన మీసాన్ని, చిరిగిన రెక్క అంచును మాత్రం బొమ్మలో అతికించకండి. ఫొటోను ఎవరికైనా చూపేటప్పుడు అది పెంపకంలోని పురుగని, చేయి చూపి తీసినదని రాయండి. ప్రకృతి ఫొటోల పోటీలకు పంపదలిస్తే పెంపుడు జంతువుల గురించిన నిబంధనను ముందే చదవండి. వివరం ఈ మాత్రం ఉంటే సరిపోతుంది: హైరోడూలా, పెద్ద ఆడ పురుగు, ఇంట్లో పెంచినది, లెన్స్ పక్కన అరచేయి చూపినప్పుడు రక్షణ భంగిమ, ట్రేసింగ్ పేపరు వెనుక ఒక ఫ్లాష్, ఎఫ్/11.